మూడేళ్లు గీసిన బిల్డింగ్, పత్రికలో ఒక్కరి పేరే. ఇది మామూలేనా?

విభాగం: ఇళ్లు, కట్టడాలు, సైటు కబుర్లు

చామంతి_గీతలు (అడయార్) · శనివారం రాత్రి 11:42

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు. మాది నెల్లూరు. బీఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) అయ్యాక చెన్నై వచ్చేశాను, ఏడేళ్లయింది. ఆఫీసు పేరు చెప్పను, దయచేసి అడగొద్దు.

ఓఎంఆర్ వైపు ఒక కాలేజీకి లైబ్రరీ కట్టాం. మొదటి స్కెచ్ నుంచి తాళాలు అప్పగించేదాకా మూడేళ్లు దాని మీదే ఉన్నాను. మొన్న ఒక డిజైన్ పత్రికలో దాని గురించి ఆరు పేజీలు వచ్చాయి. ఫొటోలు అద్భుతం. వ్యాసమంతా ఆఫీసు నడిపే మా సార్ గురించే. ఇటుక ఆయన మాట వింటుందట. నా పేరు లేదు, నాతో పాటు రాత్రుళ్లు కూర్చున్న ఇద్దరు జూనియర్ల పేర్లు లేవు, స్ట్రక్చరల్ ఇంజినీరు పేరు లేదు. ఫొటోగ్రాఫర్ పేరు మాత్రం ప్రతి పేజీలో అంచున నిలువుగా ఉంది.

సరే, అంతవరకైతే ఏడ్చి ఊరుకునేదాన్ని. రెండు పేజీల నిండా వేసిన ఫొటో ఒకటుంది. పడమటి వైపు, సందులు వదిలి ఇటుకలు పేర్చిన జాలీ గోడ మూల తిరిగే చోటు. నిజం చెప్పాలంటే ఆ మూల నేను గీసినట్టు రాలేదు. కాగితం మీద వరసలు చక్కగా కలిశాయి, సైట్‌లో కలవలేదు. ఇటుక తొమ్మిది అంగుళాలని నేను గీశాను. వచ్చిన లోడ్‌లో ఏ రెండు ఇటుకలూ ఒక్క కొలత లేవు. మూల దగ్గరికొచ్చేసరికి సందులు మూసుకుపోతున్నాయి. సార్ ఊళ్లో లేరు.

మేస్త్రి నన్ను ఒక బస్తా మీద కూర్చోబెట్టి, సిమెంటు లేకుండా నేల మీదే ఉత్త ఇటుకలు పేర్చడం మొదలుపెట్టాడు. ఏడు వరసలు పేర్చాడు. ఒక్కో వరసనీ ఒక పిసరు లోపలికి జరిపాడు. మూలలో పెట్టడానికి ఇటుకను నిలువుగా చీల్చి సన్న ముక్క తీశాడు, పెట్టి చూశాడు, బాగోలేదని తీసేశాడు, తర్వాత వరస విడిచి వరసలో పెట్టాడు. కాస్త దూరం వెళ్లి ఒక కన్ను మూసి చూసి మళ్లీ వచ్చి కూలగొట్టాడు. మధ్యాహ్నం రెండున్నరకి మొదలెడితే చీకటి పడింది. చివరికి సెల్ లైటు పక్క నుంచి కొట్టి "ఇప్పుడు సూడండమ్మా" అన్నాడు. ఆ నీడలు చూసి నాకు మాట రాలేదు.

ఆ రాత్రి ఇంటికెళ్లి ఆ పేర్పునే డ్రాయింగ్‌గా గీసి నాలుగో రివిజన్ అని నంబరు వేశాను. డ్రాయింగ్ మీద పేర్లు రాసే టైటిల్ బ్లాక్‌లో "డిజైన్" గడిలో సార్ పొడి అక్షరాలు, "డ్రాన్" (గీసినవారు) గడిలో నావి. మేస్త్రికి అసలు గడే లేదు. పత్రికలో ఆ ఫొటో కింద "మాస్టర్ టచ్" అని వేశారు.

అన్ని చోట్లా ఇంతేనా? నేనే ఎక్కువ ఊహించుకుంటున్నానా?

పెరంబూర్_కుర్రోడు · శనివారం రాత్రి 11:58

మామూలే అక్కా. సినిమాకీ అంతేగా. హీరో పేరు తెర నిండా, లైట్‌బాయ్ పేరు జనం పార్కింగ్‌కి పరిగెత్తాక.

కోడ్_కామాక్షి (షోళింగనల్లూర్) · ఆదివారం ఉదయం 7:15

సినిమాలో చివర్లో అయినా వేస్తారు కదా. మా సాఫ్ట్‌వేర్‌లో ఏ లైను ఎవరు రాశారో, ఏ రోజు ఏ గంటకి మార్చారో గిట్‌లో శాశ్వతంగా ఉంటుంది. మెచ్చుకోవడానికి ఎవరూ తెరవరు, బగ్ వచ్చినప్పుడు మాత్రం వెతికి మరీ పట్టుకుంటారు. కాబట్టి పేరుండటం అంత సుఖమేమీ కాదండీ.

సైట్_సూరి (పోరూర్) · ఆదివారం ఉదయం 8:02

చామంతి గారూ, ఆ మేస్త్రిది మా వైపా? "సూడండమ్మా" అన్నాడంటే విజయనగరమో శ్రీకాకుళమో అయ్యుండాలి. ఆయన పేరేంటి?

స్టూడియో_స్వామి (ఆళ్వార్‌పేట) · ఆదివారం ఉదయం 9:40

ఇక్కడ అందరూ ఒకవైపే మాట్లాడతారని తెలుసు కాబట్టి రెండో వైపు నేను చెబుతాను. ఇరవై ఎనిమిదేళ్లుగా చిన్న ఆఫీసు నడుపుతున్నాను. తిట్టాలనుకుంటే తిట్టండి.

అమ్మా, మీ బాధ న్యాయమైనదే. మీ పేరు రావాల్సింది. కానీ ఆ పడమటి గోడ జాలీగా ఉండాలని ఎవరన్నారు? ఏసీ పెట్టి అద్దాలు బిగిస్తే సరిపోతుందని కాలేజీవాళ్లు అనుంటారు, కచ్చితంగా అనుంటారు. వాళ్ల ఎదురుగా కూర్చుని కాదని చెప్పిందెవరు? ఆ మీటింగ్‌లు మీరు చూసి ఉండకపోవచ్చు. నలుగురూ కలిసి గీస్తే గోడ వస్తుంది. ఆ గోడ అలాగే ఉండాలని పట్టుబట్టడానికి మాత్రం ఒకడు కావాలి, ఆ ఒకడు అందరికీ చెడ్డవాడు కావాలి.

సిడ్నీ ఆపెరా హౌస్ సంగతే చూడండి. దాని ఆర్కిటెక్టు ఉట్జాన్ 1957లో డిజైన్ పోటీ గెలిచినప్పుడు ఆ తెరచాపల్లాంటి గుల్లల్ని ఎలా కట్టాలో లోకంలో ఎవరికీ తెలీదు. 1961లో అన్నిటినీ ఒకే గోళం నుంచి కోసిన ముక్కలుగా మార్చాక గానీ దారి దొరకలేదు. బత్తాయి తొక్క ఒలిచినట్టు అనుకోండి. ఆపైన ప్రభుత్వంతో పడక 1966లో వదిలేసి వెళ్లిపోయాడు. 1973లో ప్రారంభోత్సవం జరిగితే ఆయన అక్కడ లేడు, పూర్తయిన భవనాన్ని బతికుండగా కళ్లారా చూడనే లేదు. కమిటీకి వదిలేసి ఉంటే సిడ్నీలో ఇంకో డబ్బా హాలు ఉండేది.

ఇంకో మాట. 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం కింద రిజిస్ట్రేషన్ మనిషికే ఇస్తారు, కంపెనీకి ఇవ్వరు. అంటే సంతకం ఒక్కడిదే. రేపు ఏదైనా జరిగితే పోలీసులు పత్రికలో లేని మీ జూనియర్ల ఇళ్లకి రారు. నా ఇంటికొస్తారు.

రిటైర్డ్_ఏఈ (అన్నానగర్) · ఆదివారం ఉదయం 11:20

స్వామిగారి మాట కొట్టిపారేయలేం. కానీ ఆ గుల్లల లెక్కలు తేల్చడానికి ఆరప్ సంస్థ ఇంజినీర్లు ఏళ్ల తరబడి కిందా మీదా పడ్డారు, ఆ గోళం ఆలోచనలో ఎవరి వాటా ఎంత అన్నది ఇప్పటికీ వాదనే. ఉట్జాన్ వెళ్లిపోయాక లోపలి హాళ్లు పూర్తిచేసిన పీటర్ హాల్ పేరు ఇక్కడ ఎంతమందికి తెలుసు? సగంలో వదిలిన పనిని నెత్తికెత్తుకోవడం ఎంత నరకమో మా డిపార్ట్‌మెంటులో చేసినవాడికే తెలుస్తుంది.

సిడ్నీ దాకా ఎందుకు, ప్యారిస్ కార్నర్ దాకా రండి. మద్రాసు హైకోర్టు కట్టిందెవరు అని అడిగితే చదువుకున్నవాళ్లు హెన్రీ ఇర్విన్ అంటారు. మొదటి ప్లాను వేసింది బ్రాసింగ్టన్. ఇర్విన్ దాన్ని మార్చాడు, స్టీఫెన్స్ అనే ఆయన తోడున్నాడు. 1888లో పని మొదలైంది, 1892లో తెరిచారు. సరే, ముగ్గురు దొరలయ్యారు. ఇటుక మీద ఇటుక పెట్టించిందెవరు? తాటికొండ నంబెరుమాళ్ చెట్టి. ఇంటిపేరు వింటేనే మనకి తెలిసిపోతుంది కదా! హైకోర్టే కాదు, లా కాలేజీ, సెంట్రల్ స్టేషన్ దగ్గరి విక్టోరియా పబ్లిక్ హాలు, కన్నెమరా లైబ్రరీ, ఎగ్మూరు మ్యూజియం భవనాలు, అన్నీ ఆయన చేతుల మీదుగా లేచినవే. విక్టోరియా హాలు డిజైన్ చిషోమ్‌ది, మ్యూజియం వైపు పని ఇర్విన్‌ది. ఆర్కిటెక్టు మారాడు, కట్టినవాడు మారలేదు.

మా ఎదురింటి కుర్రాడికి చెట్‌పేట్ పేరు ఆ చెట్టిగారి వల్ల వచ్చిందని చెబుతారంటే నమ్మలేదు. గణిత మేధావి రామానుజన్ 1920లో కన్నుమూసింది చెట్‌పేట్‌లో ఈయన ఇంట్లోనే. ఇది విషయానికి సంబంధం లేదు గానీ వయసు మీద పడ్డాక ఇలాంటివి గుర్తొస్తే ఆపుకోలేం.

రిపన్ బిల్డింగ్ సంగతీ అంతే. 1913లో తెరిచారు. డిజైన్ హారిస్‌ది, కట్టింది లోగనాథ ముదలియార్. మొత్తం ఖర్చు ఏడున్నర లక్షలు, అందులో ఐదున్నర లక్షలు ముదలియార్‌కి చెల్లించారు. డబ్బు లెక్కల్లో ఎవరు ఎంత పని చేశారో తెలుస్తుంది. పేరు లెక్కల్లో తెలియదు.

మౌంట్ రోడ్డు ఎల్ఐసీ మరీ విచిత్రం. 177 అడుగులు, 1959లో తెరిచారు. మొదలుపెట్టింది బ్రౌన్, మౌలిన్ అనే లండన్ ఆర్కిటెక్టులు, వాళ్లు మధ్యలో తప్పుకుంటే పూర్తిచేసింది మన చెన్నై ఆర్కిటెక్టు ఎల్.ఎం. చితాలే. కట్టడం మొదలైనప్పుడు అది ఒక ప్రైవేటు బీమా కంపెనీది, పూర్తయ్యేసరికి జాతీయం చేసి ఎల్ఐసీ అయింది. గీసినవాళ్లు మారారు, సొంతదారు మారాడు, బిల్డింగ్ మాత్రం లేచింది. ఇక "ఎవరిది" అని అడిగితే ఏం చెప్పను?

మా ఉద్యోగంలో ఈ గొడవే ఉండేది కాదు లెండి. ఒక ఆఫీసు భవనానికి నేను రెండేళ్లు ఎండలో నిలబడ్డాను. శిలాఫలకం మీద మంత్రిగారు, ఇంకో మంత్రిగారు, ఎంపీ, ఎమ్మెల్యే, కలెక్టరు, అట్టడుగున సన్నగా మా పెద్ద ఇంజినీరు ఎస్ఈ. రాయి మీద చోటు అయిపోయింది.

పెరంబూర్_కుర్రోడు · ఆదివారం ఉదయం 11:31

అంకుల్, ఆ రాయి చెక్కినవాడి పేరు?

రిటైర్డ్_ఏఈ · ఆదివారం ఉదయం 11:50

తెలీదు నాయనా. మా ఎస్ఈ పేరులో ఒక అక్షరం తప్పు చెక్కాడు, అది మాత్రం గుర్తుంది.

బీఆర్క్_బాధలు (నాలుగో సంవత్సరం, గిండీ) · ఆదివారం మధ్యాహ్నం 1:05

మాకు హిస్టరీ అంటే పేర్ల పట్టికే. చండీగఢ్ అంటే ఆర్కిటెక్టు కార్బుజియే అని రాయాలి. ఒకసారి నేను కాస్త ఎక్కువ రాశాను: మొదట ప్లాను వేసింది ఆల్బర్ట్ మేయర్, మాథ్యూ నోవిట్స్కీ అని, నోవిట్స్కీ 1950లో విమాన ప్రమాదంలో పోయాడని, కార్బుజియేతో పాటు పియరీ జెన్నరే, మాక్స్‌వెల్ ఫ్రై, జేన్ డ్రూ ఉన్నారని, కార్బుజియే వచ్చి వెళ్తుంటే జెన్నరే 1965 దాకా అక్కడే ఉండిపోయాడని, ఆయన అస్థికలు సుఖ్నా చెరువులో కలిపారని. ఇంజినీరు పి.ఎల్. వర్మ, ఆర్కిటెక్టు యూలీ చౌధురి పేర్లు కూడా పెట్టాను. "టు ద పాయింట్ రాయాలి" అని ఎర్ర పెన్నుతో రాసి అర మార్కు కోశారు.

ఇంకోటి. ఆర్కిటెక్టులకిచ్చే ప్రిట్జ్‌కర్ బహుమతి 1991లో రాబర్ట్ వెంచూరికి ఒక్కడికే ఇచ్చారు. భార్య డెనీస్ స్కాట్ బ్రౌన్ ఆయనతో సమానంగా డిజైన్ చేసినావిడ. 2013లో హార్వర్డ్ విద్యార్థినులు సంతకాలు సేకరించి ఆవిడ పేరూ చేర్చమన్నారు, కుదరదన్నారు. 2012లో వాంగ్ షూకి ఇచ్చినప్పుడూ అంతే, ఆయనతో కలిసి ఆఫీసు పెట్టిన భార్య లూ వెన్‌యూ పేరు లేదు. 2017లో మాత్రం స్పెయిన్‌కి చెందిన ముగ్గురికి కలిపి ఇచ్చారు. ఇవ్వాలనుకుంటే ఇవ్వొచ్చన్నమాట.

మోడరేటర్ · ఆదివారం మధ్యాహ్నం 2:30

చిన్న మనవి. తాజ్‌మహల్, కూలీలు అనగానే మనందరికీ గుర్తొచ్చే ఆ పంక్తిని ఇప్పటికి ఐదుగురు పోస్ట్ చేశారు. ఐదూ తీసేశాను. అందరికీ వచ్చు, సొంత మాట రాయండి.

సైట్_సూరి · ఆదివారం సాయంత్రం 4:48

స్వామి సార్, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాను. "ఏదైనా జరిగితే నా ఇంటికొస్తారు" అన్నారు. ఏదైనా జరిగితే ముందు ఎవరికి జరుగుతుందండీ?

నేను ఉండేది పోరూర్. మౌలివాక్కం ఇక్కడికి పక్కనే. 2014 జూన్ 28, శనివారం సాయంత్రం, కుండపోత వాన. కడుతున్న పదకొండంతస్తుల బిల్డింగ్ నిలువునా కూలింది. 61 మంది పోయారు. వాళ్లలో చాలామంది మా విజయనగరం, శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్లే. పక్కన మిగిలిన రెండో టవర్ని 2016 నవంబరులో పేలుడు పదార్థాలు పెట్టి కూల్చేశారు, అది మా మేడ మీద నుంచే చూశాను. కొన్ని సెకన్ల పని. దుమ్ము సర్దుకున్నాక వీధిలో పిల్లలు చప్పట్లు కొట్టారు. మా ఆవిడ లోపలికెళ్లి తలుపేసుకుంది. వాళ్ల ఊరి వాళ్లూ ఉన్నారు ఆ 61లో.

సంతకం పెట్టినవాళ్ల పేర్లు అప్పుడు పేపర్లో వచ్చాయి. చనిపోయినవాళ్ల పేర్లూ వచ్చాయి. ఆ బిల్డింగ్ నిలబడి ఉంటే ఈ రెండో రకం పేర్లు ఎవరికైనా తెలిసేవా? మా సైట్‌లో హాజరు పుస్తకం చూపిస్తాను రండి. "ఫలానా మేస్త్రి ప్లస్ 11" అని ఉంటుంది. ఆ పదకొండు మంది ఎవరో నాకూ తెలీదు, రోజూ చూస్తాను. ముఖాలు తెలుసు. నిర్మాణ కార్మికుల కోసం 1996లో చట్టం వచ్చింది, కట్టడం ఖర్చులో ఒక శాతం సెస్ కడతాం, కార్మికుల సంక్షేమ బోర్డులో నమోదైతే ప్రమాదానికి, పిల్లల చదువుకి సాయం వస్తుంది. నమోదు కావాలంటే ముందు పేరుండాలి కదా, ప్లస్ 11కి ఏం వస్తుంది?

ఇక మీరన్న "పట్టుబట్టే ఒకడు". పట్టుబట్టడం ఆఫీసులోనే జరుగుతుందనుకోకండి. పోయినేడు ఒక స్లాబ్ రాత్రి. రెడీమిక్స్ లారీ వచ్చి నిలబడింది, పంపు ఆన్‌లో ఉంది, నాకు టెన్షన్. స్తంభం, దూలం కలిసే చోట ఇనుము ఎంత దట్టంగా ఉందంటే వేలు దూరట్లేదు. డ్రాయింగ్ ప్రకారం అంతా కరెక్టే. రాడ్ బెండర్ ఒకడు, ఇరవై రెండేళ్లుంటాయేమో, పైకొచ్చి "సార్, ఇక్కడ వైబ్రేటర్ నీడిల్ దిగదు. లోపల బొక్కలు పడతాయి" అన్నాడు. కాంక్రీటుని కుదిపి సందుల్లోకి దింపే కడ్డీ అది. పంపు ఆపించాను. లారీ వెయిటింగ్, మా మేనేజరు ఫోన్లో తిట్లు. స్ట్రక్చరల్ ఇంజినీరుకి రాత్రి పదింటికి ఫొటో పంపితే ఆయన పాపం నిద్ర లేచి అతుకులు ఎక్కడ మార్చాలో గీసి పంపాడు. గంటన్నర పట్టింది. ఆ కుర్రాడు నోరు మూసుకుని ఉంటే? పైన ప్లాస్టరింగ్ అయిపోయాక ఎవడికీ తెలిసేది కాదు. ఉద్యోగం పోతుందన్న భయం వాడికి మనకంటే ఎక్కువ. అయినా చెప్పాడు. ధైర్యం అంటే అది కాదంటారా?

స్టూడియో_స్వామి · ఆదివారం సాయంత్రం 6:10

సూరి గారూ, మౌలివాక్కం ఎత్తాక నేను ఏం మాట్లాడినా తప్పుగానే ఉంటుంది. ఆ 61 మంది ముందు నా జైలు భయం చాలా చిన్నది, ఒప్పుకుంటున్నాను.

కానీ మీ స్లాబ్ కథ నా మాటనే బలపరుస్తోంది. ఆ కుర్రాడు చెప్పాడు. మీరు పంపు ఆపారు. ఆ నిమిషంలో తిట్లు మీ ఒక్కరికే తగిలాయి. సమిష్టి అని మనం చెప్పుకునేది దగ్గరికెళ్లి చూస్తే ఇలా ఒక్కొక్కరు ఒక్కో నిమిషం ఒంటరిగా నిలబడటమే. నేను కాదంటున్నది ఎవరి పనినీ కాదు, అందరూ అంతా చేశారనే మాటని. అందరిదీ అయిన తప్పు ఎవరిదీ కాకుండా పోతుంది. కూలిన ప్రతి బిల్డింగ్ తర్వాతా జరిగేది అదే: ఇంజినీరు కాంట్రాక్టర్ని చూపిస్తాడు, కాంట్రాక్టరు మట్టిని చూపిస్తాడు, చివరికి పిడుగు పడిందంటారు.

సైట్_సూరి · ఆదివారం సాయంత్రం 6:25

పిడుగు మాట నిజం సార్. అప్పుడు అలాగే అన్నారు.

శాసనాల_పిచ్చి (మైలాపూర్) · ఆదివారం రాత్రి 8:33

పాతకాలంలో అందరూ పేరు ఆశించకుండా దేవుడి కోసం కట్టారని ఎవరో ఒకరు అంటారు. ఈలోపే అడ్డుపడుతున్నాను. అది మనం అల్లుకున్న కథ.

కర్ణాటకలో పట్టదకల్లు విరూపాక్షాలయం ఉంది, క్రీ.శ. 740 ప్రాంతం. లోకమహాదేవి రాణి కట్టించింది. కట్టిన సూత్రధారి గుండ అనివారితాచారి అని గోడ మీదే ఉంది, ఆయనకి త్రిభువనాచార్య బిరుదు ఇచ్చినట్టు కూడా ఉంది. హొయసల శిల్పులైతే బొమ్మల పీఠాల మీద సంతకాలే చేశారు. బేలూరులో దాసోజ, అతని కొడుకు చావణ, సోమనాథపురంలో మల్లితమ్మ. మన చామంతి గారి మేస్త్రికి దొరకని గడి వాళ్లకి ఎనిమిది తొమ్మిది వందల ఏళ్ల కిందటే దొరికింది.

తంజావూరు పెద్ద గుడి ఇంకా బాగుంటుంది. 1010లో పూర్తయింది. చోళరాజు రాజరాజు తాను ఇచ్చినవీ, అక్క ఇచ్చినవీ, రాణులు ఇచ్చినవీ, మిగతావాళ్లు ఇచ్చినవీ రాతి మీద చెక్కండి అని ఆజ్ఞ వేశాడు. పెద్ద స్థపతి కుంజరమల్లన్ రాజరాజ పెరుంతచ్చన్ పేరు ఉంది. గుళ్లో నాట్యం చేయడానికి తెచ్చిన నాలుగు వందల మంది స్త్రీల పేర్లు, ఏ వీధిలో ఎన్నో ఇల్లో సహా ఉన్నాయి. పద్దులు రాసేవాళ్లు, వాద్యకారులు, చాకళ్లు, మంగళ్లు, అందరూ ఉన్నారు.

ఎందుకున్నారు? వాళ్లకి జీతం కింద ధాన్యం కొలిచి ఇవ్వాలి కాబట్టి. కొలిచి ఇవ్వాల్సినవాడి పేరు రాశారు. రాళ్లు లాక్కొచ్చి అంత ఎత్తుకి ఎక్కించినవాళ్ల పేర్లు లేవు, వాళ్ల పని పూర్తయిపోయింది, ఇవ్వాల్సింది ఏమీ లేదు. రిటైర్డ్ గారు చెప్పిన ఐదున్నర లక్షల లెక్క, సూరి గారి "ప్లస్ 11" చదివాక నాకు ఇదే తట్టింది.

తాతగారి_తాపీ (వ్యాసర్‌పాడి) · ఆదివారం రాత్రి 10:17

మేస్త్రిని మరీ దేవుణ్ణి చేసేస్తున్నారు, నేనూ ఒక మాట వేస్తాను. మా తాత తాపీ మేస్త్రి. గూడూరు నుంచి వచ్చి జార్జ్‌టౌన్‌లో పాత మిద్దెలకి మరమ్మతులు చేసేవాడు. టేకు వాసాలు, వాటి మీద సన్న ఇటుకలు అంచు మీద నిలబెట్టి గానుగ సున్నంతో అతికించే మద్రాస్ టెర్రస్ ఉంటుంది చూశారూ, అది. ఏటవాలుగా, గోడకి అడ్డంగా కాకుండా మూల నుంచి మూలకి పేర్చుకుంటూ వస్తారు. ఆయన తాపీ ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, ఒక పక్క అరిగి చందమామ ముక్కలా అయిపోయింది.

వీధి వీధంతా "ఇది పలానా మేస్త్రి మిద్దె" అనేవాళ్లు. ఆయనా మీసం తిప్పేవాడు. మా నానమ్మ ఆ ప్రతి మిద్దెకీ సున్నం మోసింది. మిద్దె వేశాక ఆడవాళ్లు వరసగా కూర్చుని చెక్క కొట్టుళ్లతో రోజుల తరబడి దిమ్మిస కొట్టాలి, బెల్లం నీళ్లు చల్లుకుంటూ, పాట పాడుకుంటూ. ఆ దెబ్బలు సరిగా పడకపోతే మొదటి వానకే కారుతుంది. కారని మిద్దెకి పేరు తాతది. కారిన రోజు "ఆడాళ్లు సరిగా కొట్టలేదు" అనేవాడు. నానమ్మ చెబుతూ నవ్వేది. అది కోపం నవ్వని నాకు పెద్దయ్యాక అర్థమైంది.

అంచేత స్వామిగారి ఆఫీసులో జరిగేదే మేస్త్రి గ్యాంగులోనూ జరుగుతుంది. చామంతి గారి మూల దగ్గర ఆ సాయంత్రం ఇటుకలు అందించింది ఎవరండీ? ఆయనే లేచి వెళ్లి తెచ్చుకున్నాడా?

చామంతి_గీతలు · ఆదివారం రాత్రి 11:55

లేదు. ఒకావిడ అందించింది. నీలం చీర మీద మగవాళ్ల చొక్కా వేసుకుని ఉంది. ఇటుక చీల్చినప్పుడు రెండుసార్లు ముక్కలైపోతే మూడోది ఏరి ఇచ్చింది, అది చీలింది. నిన్న రాసేటప్పుడు ఆవిడ గుర్తే రాలేదు నాకు.

పెరంబూర్_కుర్రోడు · సోమవారం ఉదయం 7:40

మెరీనాలో ఉళైప్పాళర్ శిలై (కార్మికుల విగ్రహం) ఉంది కదా, నలుగురు మగాళ్లు బండని తోస్తుంటారు. 1959లో పెట్టింది, దేవీప్రసాద్ రాయ్ చౌధురి చేసింది. దేశంలో మొదటి మే డే కార్మిక నాయకుడు సింగారవేలర్ జరిపింది ఆ బీచ్‌లోనే, 1923లో. ఈ థ్రెడ్ చదివాక నిన్న సాయంత్రం కావాలని వెళ్లి చూశాను. మొక్కజొన్న పొత్తు తింటూ చాలాసేపు చూశా. నలుగురూ మగాళ్లే. నానమ్మ లేదు అక్కడ.

కోడ్_కామాక్షి · సోమవారం ఉదయం 8:55

చామంతి గారూ, మీ సార్‌ని అడిగారా లేదా? మనమందరం ఇక్కడ తంజావూరు దాకా వెళ్లొచ్చాం, ఆయన పక్క గదిలోనే ఉంటారుగా.

చామంతి_గీతలు · మంగళవారం రాత్రి 9:20

అడిగాను. రెండు రోజులు రాయకపోవడానికి అదే కారణం.

కాళ్లు వణుకుతూ వెళ్లాను. సార్ ఏమీ అనకుండా లాప్‌టాప్ నా వైపు తిప్పారు. పత్రికకి పంపిన మెయిల్. క్రెడిట్స్ షీట్‌లో నా పేరు ప్రాజెక్ట్ ఆర్కిటెక్ట్ అని రెండో వరసలోనే ఉంది. జూనియర్లిద్దరూ ఉన్నారు, స్ట్రక్చరల్ ఇంజినీరు ఉన్నాడు, కాంట్రాక్టరు, ఎలక్ట్రికల్, ప్లంబింగ్ కన్సల్టెంట్లు కూడా. పత్రికవాళ్లు జాగా లేదని మొత్తం తీసేశారట. సార్ ఒక్క ఫోన్ చేసి ఉంటే వేసేవాళ్లు, ఆ ఫోన్ ఆయన చేయలేదు. "చూసుకోలేదమ్మా, సారీ" అన్నారు. ఆయన నిజంగా చూసుకోలేదో, చూసి ఊరుకున్నారో నాకు ఇప్పటికీ తెలీదు. స్వామిగారూ, కాలేజీ మీటింగ్‌ల గురించి మీరన్నది కరెక్టే. అద్దాలు పెట్టమని మూడుసార్లు అడిగారట.

ఆ షీట్‌లో మేస్త్రి పేరు లేదు. "చేర్చాల్సింది సార్" అన్నాను కాస్త గట్టిగా. ఆయన పెన్ను తీసుకుని "చెప్పు, వెబ్‌సైట్‌లో అయినా పెడదాం. పేరేంటి?" అన్నారు.

నా ఫోన్లో ఆయన నంబరు "జాలీ మేస్త్రి" అని ఉంది.

సూరి గారూ, ఆదివారం పొద్దున మీరు అడిగినప్పుడు జవాబివ్వకపోవడానికి కారణం అదే. పద్నాలుగు నెలలు ఆయనతో పని చేశాను. టీ తాగాను. కూతురి పెళ్లి ఫొటోలు చూశాను. పేరు అడగలేదు.

సార్ గదిలోంచి బయటికొచ్చి మెట్ల మీద నుంచే ఫోన్ చేశాను. ఇప్పుడు శ్రీపెరుంబుదూరు వైపు ఏదో గోడౌన్ పనిలో ఉన్నాడు. విషయమంతా చెప్పాను, పత్రిక గురించి, ఫొటో గురించి. పేరు చెప్పాడు, ఆవిడ పేరూ చెప్పాడు. వాళ్ల వదినట. రాసుకున్నాను. వెబ్‌సైట్‌లో పెడతాం, మీ ఊళ్లో అందరికీ చూపించుకోవచ్చు అన్నాను. అవతల మిక్సర్ చప్పుడు, కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత అన్నాడు:

"పేరెట్టుకోండమ్మా, దానికేటుంది. మరి ఆ రిటెన్షన్ డబ్బులు ఎప్పుడిత్తారో సారుని ఓసారడగరా? ఐదు శాతం ఆపేరు. ఏడాది అయిపోనాది."

సైట్_సూరి · మంగళవారం రాత్రి 9:41

మామూలుగా ఏడాది దాటితే ఇచ్చేయాలి. ఆయన వర్క్ ఆర్డరు, చివరి బిల్లు నంబరు ఉంటే నాకు పర్సనల్‌గా పంపండి. కాంట్రాక్టరు దగ్గర ఆగిందా, కాలేజీ దగ్గర ఆగిందా ముందు తేల్చుకోవాలి.

స్టూడియో_స్వామి · మంగళవారం రాత్రి 10:05

కంప్లీషన్ సర్టిఫికెట్ మీద మీ సార్ సంతకం పడిన తేదీ కూడా చూడండి. గడువు అక్కడి నుంచే లెక్క. ఆయన సంతకం పెట్టకుండా ఉంటే కాంట్రాక్టరు దాన్నే సాకుగా చూపిస్తాడు.

చామంతి_గీతలు · మంగళవారం రాత్రి 10:32

సంతకం పెట్టలేదు. ఫైలు నా టేబుల్ మీదే ఉంది.